‘హుండ్’ అంటే హుండీ కాదండోయ్.. మన శునకానికి చుట్టం!

స్వీడన్‌లో కుక్కను ‘హుండ్’ అంటారు. తిరుపతి వాళ్లకు ఠక్కున శ్రీవారి హుండీ గుర్తొస్తుంది కానీ, దానికీ దీనికీ సంబంధమే లేదు. అసలు చుట్టరికం ‘శునకం’తో! వేల ఏళ్ల నాటి ఒకే మూలపదంలోని ‘క’ శబ్దం సంస్కృతంలో ‘శ’గా, ఉత్తర ఐరోపాలో ‘హ’గా మారిందని భాషావేత్తలు చెబుతారు. పాత నార్స్‌లో ‘హుండ్ర్’, ఐస్‌లాండ్‌లో ‘హుండుర్’. డెన్మార్క్, నార్వేల్లో స్పెల్లింగ్ స్వీడన్‌దే.. పలికేటప్పుడు మాత్రం చివరి ‘డ’ మింగేసి ‘హున్’ అంటారు. ఇంగ్లిష్ ‘హౌండ్’ కూడా ఇదే కుటుంబం. కాకపోతే అది వేటకుక్కకే పరిమితమైంది, పోలీసు వార్తల్లో మనం రాసే ‘జాగిలం’ లాగన్నమాట.

మరి చిత్తూరు వైపు? నగరి దాటి తమిళనాడులోకి వెళ్తే ‘నాయ్’, పలమనేరు దాటి కర్ణాటకలోకి వెళ్తే ‘నాయి’. ఇవి ద్రావిడ మాటలు, శునకంతో చుట్టరికం లేదు. మధ్యలో ఉన్న మనం మాత్రం ‘కుక్క’ అనే అంటాం.