కరోనా కాలంలో డాలర్ల పంపకం

అమెరికాలో కేంద్రం లోటు బడ్జెట్‌తోనే బండి నడుపుకోగలదు. రాష్ట్రాలకు ఆ వెసులుబాటు లేదు. ఒక్క వెర్మాంట్ తప్ప మిగతా 49 రాష్ట్రాల్లో రాబడికి మించి ఖర్చు పెట్టకూడదని ఏదో ఒక నిబంధన ఉంది. 2020లో దుకాణాలు మూతబడి పన్నులు పడిపోగానే గవర్నర్లందరూ వాషింగ్టన్ వైపు చూసింది అందుకే.

2020 మార్చి 27న సంతకమైన ‘కేర్స్’ చట్టం రాష్ట్రాలకు, స్థానిక ప్రభుత్వాలకు, ఆదివాసీ తెగల ప్రభుత్వాలకు కలిపి 15,000 కోట్ల డాలర్లు ఇచ్చింది. పంపకం జనాభా లెక్కనే అయినా, ఎంత చిన్న రాష్ట్రానికైనా 125 కోట్లకు తగ్గకూడదన్నారు. దాంతో వయోమింగ్ పంట పండింది. అక్కడి జనం ఆరు లక్షల లోపే, మన వరంగల్ నగరంలో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. తలకు రెండు వేల డాలర్ల పైనే పడింది. నాలుగు కోట్ల మందికి కాస్త తక్కువగా ఉన్న కాలిఫోర్నియాకు తలకు నాలుగు వందలు కూడా దక్కలేదు.

ఇక చట్టం పుట్టిన ఊరికే జరిగిన అన్యాయం చూడండి. వాషింగ్టన్ డీసీలో దాదాపు ఏడు లక్షల మంది ఉన్నారు, వయోమింగ్ కంటే ఎక్కువ. ఫెడరల్ ఆదాయపు పన్ను అందరిలాగే కడతారు. రాష్ట్రం కాకపోయినా, చాలా గ్రాంట్ల లెక్కలో డీసీని రాష్ట్రంగానే చూస్తారు కూడా. ఈసారి మాత్రం పోర్టోరికో, గువామ్ వంటి అమెరికా పాలిత ప్రాంతాల సరసన కూర్చోబెట్టి, అందరికీ కలిపి పెట్టిన 300 కోట్లలో వాటా పంచారు. చేతికొచ్చింది సుమారు 49.5 కోట్లు. సెనేట్‌లో తమ తరఫున ఓటు వేసేవారే లేని ఊరు అది. మేయర్ మ్యూరియల్ బౌజర్ పట్టు వదలకుండా అడిగారు. తగ్గిన 75.5 కోట్లను 2021 మార్చిలో వచ్చిన ‘అమెరికన్ రెస్క్యూ ప్లాన్’ చట్టంలో విడిగా రాసి ఇచ్చారు. రోగం విరుచుకుపడిన నెలల్లో అందాల్సిన సొమ్ము ఏడాది ఆలస్యంగా రావడం సగం న్యాయమే.

మొదటి నిధికి మరో మెలిక ఉంది. పన్నుల రాబడిలో పడిన గండి పూడ్చడానికి దాన్ని వాడకూడదు, కరోనా తెచ్చిపెట్టిన కొత్త ఖర్చులకే వాడాలి. పైగా జనాభా అయిదు లక్షలు దాటిన నగరాలు, కౌంటీలే నేరుగా అడగగలిగాయి. 2021లో ఇచ్చిన 35,000 కోట్లకు ఈ రెండు అడ్డంకులూ తీసేశారు. చిన్న ఊళ్లకూ వాటా వచ్చింది. మంచినీటి పైపులకు, మురుగు కాల్వలకు, బ్రాడ్‌బ్యాండ్‌కు కూడా ఖర్చు పెట్టుకోనిచ్చారు. నిరుద్యోగులు ఎక్కువున్న రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వడం ఇంకా మంచి పద్ధతి.

ఈ నిధులతో పాటు విపత్తు ప్రకటనల సాయమూ అందింది. అమెరికా చరిత్రలో 50 రాష్ట్రాల్లోనూ ఒకేసారి మహా విపత్తు ప్రకటన అమల్లో ఉండటం అదే తొలిసారి. వాటిలో చివరి ప్రకటన, 2020 ఏప్రిల్ 11న, వయోమింగ్‌దే.

ఆ ప్రకటనల కింద, కరోనాతో పోయినవారి అంత్యక్రియలకు విపత్తు సంస్థ ‘ఫెమా’ ఒక్కొక్కరికి 9,000 డాలర్ల దాకా ఇచ్చింది.

కోట్ల మందిని తాకింది మెడికెయిడ్ సాయం. పేదల వైద్యానికి కేంద్రం భరించే వాటాను 2020లో 6.2 శాతం పాయింట్లు పెంచారు. ముఖ్యమైన షరతు: సంక్షోభం ముగిసేదాకా ఎవరి పేరూ కొట్టేయకూడదు. పిల్లల ఆరోగ్య బీమా పథకంతో కలిపి లబ్ధిదారులు తొమ్మిది కోట్లు దాటారు. 2023 మార్చి 31తో ఆ షరతు తీరింది. తర్వాత రెండు కోట్లకు పైగా పేర్లు పోయాయి. వాళ్లలో అర్హత లేదని తేలినవారి కంటే, కాగితాలు సమయానికి పూర్తికాక పోయినవారే ఎక్కువ.