గోడలో కరెంటు దారి తెలియాలి

ఫొటో తగిలించడానికి డ్రిల్ పెడితే లోపలి వైరు తెగిన ఇళ్లు చాలానే ఉంటాయి. పైపు కలిసొస్తుందని కొందరు స్విచ్‌బోర్డు నుంచి పాయింటుకు ఏటవాలుగా గాడి కొట్టేస్తారు. ప్లాస్టరింగ్ అయ్యాక ఆ దారి ఎవరికీ గుర్తుండదు. పైపులు నిలువుగా, అడ్డంగా మాత్రమే వేస్తే బోర్డుకు సరిగ్గా పైనా కిందా పక్కనా మేకు కొట్టకూడదని ఎవరైనా ఊహించగలరు. ప్లాస్టరింగ్‌కు ముందే టేపు ఆనించి ఫొటోలు తీసుకోవాలి. పైసా ఖర్చు లేని పని, అయినా చేసేవారు తక్కువ. అతుకులు తెరవగలిగే జంక్షన్ బాక్సుల్లోనే ఉండాలి.

ఎంసీబీ ఉందిగా అన్న ధీమా చాలదు. అది ఓవర్‌లోడ్‌కు, షార్ట్ సర్క్యూట్‌కు పడిపోతుంది. మనిషి ఒంట్లోంచి భూమికి పారే కొద్దిపాటి కరెంటును పట్టించుకోదు. ఆ పని 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీది. దాని టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడూ నొక్కి చూడాలి.