టర్బో కారులో ఆయిల్ వేడి

డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లు సగానికి చేరగానే ఇంజిన్ వేడెక్కిందని అనుకుంటాం. ఆ ముల్లు చెప్పేది కూలెంట్ (ఇంజిన్ చుట్టూ తిరిగి చల్లబరిచే ద్రవం) సంగతే. ఆయిల్ అంతకంటే నెమ్మదిగా వేడెక్కుతుంది. దాని వేడి చూపే మీటరు చాలా కార్లలో ఉండదు.

ఒక లీటరు టర్బో పెట్రోల్ ఇంజిన్లు ఇప్పుడు మామూలు కుటుంబాల కార్లలోకీ వచ్చాయి. టర్బోచార్జర్ (పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరగగలదు. దాని ఒక చివరకు తగిలే పొగ వేడి 900 డిగ్రీలు దాటవచ్చు. చాలా టర్బోల్లో ఆ ఇరుసు పల్చని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఇరుసును మోసేదీ, వేడిని లాగేసేదీ ఆ పొరే.

ఆయిల్‌కు 90 నుంచి 110 డిగ్రీలు హాయి. 130 దాటి చాలాసేపు ఉంటే పల్చబడుతుంది, త్వరగా చెడిపోతుంది. అందరూ భయపడేది ఈ వేడికే. నా దృష్టిలో మన ఊళ్లలో ఎక్కువ నష్టం చేసేది చల్లటి ఆయిలే. రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే కారులో, ఆయిల్‌లో కలిసిన తేమ, పెట్రోల్ ఆవిరై పోవు. అలాంటి కారుకు కిలోమీటర్లు నిండేదాకా ఆగకుండా ముందే ఆయిల్ మార్చాలి. బయల్దేరిన మొదటి పది నిమిషాలు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకూడదు.

ఇక తిరుమల ఘాట్ రోడ్డు తీసుకోండి. ఐదుగురు మనుషులు, సామాను, ఏసీ. బరువు ఎక్కువ, వేగం తక్కువ, కాబట్టి రేడియేటర్‌కు తగిలే గాలీ తక్కువే. పైకి చేరగానే ఇంజిన్ ఆపేస్తే ఆయిల్ పంపు ఆగుతుంది. టర్బోలోని వేడి మాత్రం వెంటనే తగ్గదు. అక్కడ నిలిచిన ఆయిల్ మాడి, మూకుడు అంచుకు పట్టిన జిడ్డులా గట్టిపడుతుంది. ఇది పదేపదే జరిగితే ఆయిల్ దారులు ఇరుకవుతాయి. ఇప్పటి చాలా టర్బోల చుట్టూ కూలెంట్ కూడా తిరుగుతుంది కనుక ముప్పు తగ్గింది. అయినా ఏటవాలు ఎక్కాక ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్‌ను ఖాళీగా తిరగనివ్వండి. పార్కింగ్ కోసం నెమ్మదిగా తిరిగినా అదే ఫలితం. ఊళ్లో మామూలుగా నడిపినప్పుడు ఈ ఆగడం అక్కర్లేదు.

ఎండలు ఎక్కువని చిక్కటి ఆయిల్ పోయించకండి. మాన్యువల్‌లో రాసిన గ్రేడే వాడాలి. మట్టం తగ్గితే అదే వేడిని తక్కువ ఆయిల్ మోయాల్సి వస్తుంది. అందుకే ఘాట్ ఎక్కే ముందు, చదును నేల మీద కారు ఆపి, కొద్దిసేపటి తర్వాత డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి.