తాతగారి కారు... తోలదామా, దాచేద్దామా?

వారసత్వంగా వచ్చిన పొలానికి ఎవరూ టార్పాలిన్ కప్పరు. నగలనైనా పెళ్లిళ్లకీ పేరంటాలకీ బయటికి తీస్తారు. కారు దగ్గరికి వచ్చేసరికే ఇంట్లో అందరికీ చిక్కొచ్చి పడుతుంది!

ద్రాక్షారామం చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో ఓ పాత పెంకుటిల్లు ఊహించుకోండి. పెరట్లో కొబ్బరిచెట్ల పక్కన రేకుల షెడ్డు. అందులో టార్పాలిన్ కింద తాతగారి కారు. రెండే తలుపులున్న స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులో 1961 నుంచి తయారైన బండి. ఇంజిను 948 సీసీ. ఇవాళ్టి చిన్న కార్ల పక్కన అదేం లెక్క అనిపిస్తుంది కానీ, ఆ రోజుల్లో కుర్రకారు కళ్లన్నీ దానిమీదే. గీతలు గీసింది ఇటలీ డిజైనర్ మికెలోటి మరి. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ ఇదే హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేసింది. ఆ లెక్కన మన రోడ్లమీద తిరిగిన హెరాల్డ్, ఒక స్పోర్ట్స్ కారుకి పెద్దన్నే!

తాతగారు పోయారు. సంవత్సరీకాలు కూడా అయ్యాయి. పొలం వాటాలు తేలాయి, ఇల్లు ఎవరికో తేలింది. కారు మాత్రం మిగిలిపోయింది. ‘పాత బళ్లకి ఇప్పుడు లక్షలిస్తున్నారట, అమ్మేసి పంచుకుందాం’ అంటారు పెదనాన్న. ‘నాన్నగారి గుర్తు, గీత పడకుండా అలాగే ఉంచాలి’ అంటారు బాబాయ్. మనవడేమో ‘ఒక్కసారి కోటిపల్లి రేవుదాకా తోలుకెళ్లి వస్తా’ అంటాడు. ముగ్గురూ కారుమీద ప్రేమతోనే మాట్లాడుతున్నారు. ఎవరి మాట నెగ్గాలి?

రాకముందే వారసుడి చేతికి

ఇలాంటి తగువు తెలుగునేలమీద ఒక పెద్ద ఇంట్లో వందేళ్లకు పైగా నడిచింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు పసుపురంగు రోల్స్ రాయిస్‌ని చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. వెనక సీటు మిగతా సీట్లకంటే ఎత్తుగా, సింహాసనంలా ఉంటుంది. అందుకే దాన్ని ‘థ్రోన్ కార్’ అంటారు. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. కానీ కారు చేతికొచ్చేలోగానే, 1911లో ఆయన కన్నుమూశారు. కోరి చేయించుకున్నవాడు ఒక్కరోజైనా ఎక్కలేదు. అది నేరుగా కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కి వారసత్వమైపోయింది.

ఏడో నిజాం సంగతి తెలిసిందే. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు, పైసా ఖర్చుకి పదిసార్లు ఆలోచిస్తాడనీ పేరు. అంత కారునీ ఊరేగింపులకు తప్ప బయటికి తీయలేదు. ఇంతా చేసి అది తిరిగింది మొత్తం 356 మైళ్లేనంటారు. మన లెక్కలో 573 కిలోమీటర్లు. ద్రాక్షారామం నుంచి హైదరాబాద్ వెళ్లి, తిరుగు ప్రయాణంలో సూర్యాపేట చేరేసరికి ఎవరి బండి మీటరైనా ఆ అంకె దగ్గరికి వచ్చేస్తుంది. వందేళ్ల జీవితంలో ఆ కారు చేసిన ప్రయాణం అంతే!

1967 ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీ ఖాన్ మరణించాక వారసత్వం మనవడు ముకర్రం ఝాకి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఈయనకి యంత్రాలంటే ప్రాణం. ఇంజిన్ల కింద దూరి చేతులకి గ్రీజు అంటించుకోవడంలో ఉన్న సుఖం దర్బారులో ఆయనకి దొరకలేదు. తాతగారి గ్యారేజీలో దాదాపు అరవై కార్లుంటే నడిచే స్థితిలో ఉన్నవి నాలుగేనని చరిత్రకారుడు విలియం డాల్‌రింపుల్ రాశారు. పెట్రోలు, స్పేర్ల పేరిట ఖర్చు మాత్రం ఏటా దండిగా పడుతూనే ఉండేదట. పట్టాభిషేకం తరువాత కొత్త నిజాం ఎక్కిన లిమోసిన్ కూడా దారిలో మొరాయించిందని ఆయనే రాశారు. దాచినవేవీ దక్కలేదు.

కార్లే కాదు, ఆ వారసత్వంలో కోర్టు కేసులు, వేలమంది ఆశ్రితులు, వారసుల వాటాలు కూడా ఉన్నాయి. ముకర్రం ఝా 1970లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో పెద్ద గొర్రెల క్షేత్రం కొని అక్కడికి వెళ్లిపోయారు. ఇక్కడ రాజుగారి కారు దుమ్ముకొట్టుకుంటుంటే, అక్కడ రాజుగారు స్వయంగా బుల్డోజరు తోలుకున్నారు! చివరికి యువరాణి ఎస్రా పూనుకుని చౌమహల్లాని బాగుచేయించాకే, 2005 తరువాత జనం లోపలికి వెళ్లి చూడగలిగారు. పసుపుపచ్చ కారు కూడా మళ్లీ ముస్తాబై అక్కడ నిలబడింది. ముకర్రం ఝా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు.

దీని అన్న తిరిగింది అయిదు లక్షల మైళ్లు

సిల్వర్ ఘోస్ట్ అనే పేరు అసలు ఒక్క కారుది. ఏఎక్స్ 201 నంబరు బండి. 1907లో రోల్స్ రాయిస్ కంపెనీ ఆ కారును బ్రిటన్ రోడ్లమీదికి తోలింది. పర్యవేక్షకుల కళ్లెదుటే 14,371 మైళ్లు, అంటే 23 వేల కిలోమీటర్లకు పైగా పరుగెత్తించింది. కంపెనీ పేరు నిలబెట్టింది ఆ పరీక్షే. తరువాత ఆ బండిని దాచారా? లేదు. అమ్మేశారు. కొన్నవాళ్లు దశాబ్దాలపాటు హాయిగా తిరిగారు. 1948లో కంపెనీ మళ్లీ తెచ్చుకుంది. అది తిరిగిన మొత్తం దూరం అయిదు లక్షల మైళ్లు దాటింది. మరి విలువ పడిపోయిందా అంటే... ప్రపంచంలోని అత్యంత విలువైన కార్ల జాబితా ఎవరు రాసినా అందులో దాని పేరుండాల్సిందే!

ఇంకో ఉదాహరణ. ఫెరారీ 250 జీటీఓ. 1962 నుంచి 1964 వరకు 36 మాత్రమే తయారైన రేసు కారు. ఇంగ్లండులోని పింక్ ఫ్లాయిడ్ బృందంలో డ్రమ్ములు వాయించే నిక్ మేసన్ 1970ల్లో ఒకటి నలభైవేల పౌండ్లలోపే కొన్నారు. కొని అద్దాల గదిలో పెట్టలేదు. రేసుల్లో పరుగెత్తించారు. అలాంటిదే ఇంకో జీటీఓ 2018లో అమెరికా వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికింది. అంతమాత్రాన తోలినకొద్దీ ధర పెరుగుతుందని కాదు సుమా. అరుదైన కారుకి దాని కథే ధర. ఎవరు తోలారు, ఎక్కడ గెలిచింది, ఇంజిను అసలుదేనా, కాగితాలున్నాయా అని చూస్తారు. మీటరులో అంకె ఆ తరువాతే.

మరి మామూలు కారు? ఇక్కడే చాలామంది పొరబడతారు. పాతబడిన ప్రతి కారూ బంగారమైపోదు. లక్షల్లో తయారైన బండిని ఎంత దాచినా అది పాతబండే. పైగా మనదేశంలో పాత వింటేజ్ కార్లు సరిహద్దు దాటకుండా 1972 నుంచే ఆంక్షలున్నాయి. ఎలా చూసినా విదేశీ వేలంపాటల్లో వినిపించే ధరలు ద్రాక్షారామం షెడ్డులోని కారుకి అతకవు. కొనేవాడు చాలావరకు ఇక్కడివాడే అవుతాడు. పెదనాన్నలు ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోవాలి.

నిలబెడితే ఏమవుతుంది?

బాబాయ్‌ల లెక్కలోనూ ఒక లోపం ఉంది. గీత పడకుండా ఉంచడం వేరు, పాడవకుండా ఉంచడం వేరు. యంత్రాన్ని వాడితే అరుగుతుంది, నిజమే. కానీ వాడకపోయినా ఊరుకోదు. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవుంటే జిగురులా మారి కార్బురేటర్ సన్న రంధ్రాలను మూసేస్తుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలకి అది పడదు. బ్రేకు ఆయిలూ తేమ పీల్చేదే. దాంతో లోపల తుప్పు మొదలై చక్రాలు పట్టేస్తాయి. ఆయిల్ సీళ్లు ఎండి కారతాయి. ఒకేచోట నిలబడిన టైరు, నేలకి తగిలినచోట చదునుగా అయిపోతుంది. బ్యాటరీ సంగతి చెప్పక్కర్లేదు. ఇక ఎలుకలకి వైర్లమీద ఉన్న ఇష్టం ఏ మెకానిక్‌ని అడిగినా కథలు కథలుగా చెబుతాడు.

ఇదంతా ఎక్కడైనా జరిగేదే. గోదావరి డెల్టాలో ఇంకాస్త తొందరగా జరుగుతుంది. సముద్రం దగ్గర. చుట్టూ కాలువలు, తడిచేలు. ఏడాదిలో సగం రోజులు గాలే తడిగుడ్డలా ఉంటుంది. టార్పాలిన్ కప్పితే ఆ తేమ లోపలే ఉండిపోతుంది. టార్పాలిన్ కన్నా గాలాడే నూలు దుప్పటి మేలు. మట్టినేల కన్నా గచ్చు మేలు. 1986 వరదలో, 1996 నవంబరు తుపానులో ఈ ప్రాంతం ఏమైందో చూసినవాళ్లకి, షెడ్డులో ఉన్నదంతా క్షేమమని ఎవరూ చెప్పనక్కర్లేదు.

అంతర్వేది రథం మాట గుర్తుందా? ఏడాదికోసారి కల్యాణోత్సవానికి బయటికొచ్చే టేకు రథం. మిగతా రోజులన్నీ షెడ్డులోనే. 2020 సెప్టెంబరులో ఓ రాత్రి అది ఆ షెడ్డులోనే కాలిపోయింది. కొన్ని నెలల్లోనే కొత్త రథం చేయించి 2021 ఫిబ్రవరి ఉత్సవాల్లో లాగారు. దేవుడి బండికైనా భద్రమైన చోటంటూ లేదు.

చట్టం ఏమంటోంది?

మనవడు తాళం తిప్పేముందు కాగితాల పని ఒకటుంది. యజమాని పోతే, ఆ సంగతి ముప్పైరోజుల్లో రవాణా శాఖకి తెలియజేయాలి. మూడు నెలల్లోపు ఫారం 31తో పేరుమార్పిడికి దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం కావాలి. వారసులు ఎక్కువమంది ఉంటే మిగతావాళ్ల అంగీకారమూ అడుగుతారు. బీమా కూడా కొత్త పేరుకి మారాలి. పాత పేరుమీద పాలసీ ఉంది కదా అని తోలితే, ప్రమాదం జరిగినరోజున తలనొప్పి తప్పదు. అయిదేళ్లు దాటిన కారుకి ఎంత విలువ కట్టాలన్నది బీమా కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే. బతికుండగానే ఆర్‌సీలో నామినీ పేరు రాయించుకునే వీలు 2021లో వచ్చింది. తాతగార్లు వింటున్నారా!

అదే ఏడాది జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరగని వాహనానికి ఈ గుర్తింపు దొరుకుతుంది. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. రుసుము 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. పాత నంబరున్న బండి దాన్నే ఉంచుకోవచ్చు. బావుంది కదా? అయితే మెలిక ఇక్కడుంది. ఆ గుర్తింపు ఉన్న బండిని రోజువారీ పనులకి తోలకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి మాత్రమే రోడ్డెక్కాలి. అంటే తోలాలా, దాచాలా అన్న ప్రశ్నకి చట్టం సగం జవాబు తనే చెప్పేసింది.

అలాకాదు, మామూలు బండిలాగే తిప్పుకుంటామంటే మామూలు ఆర్‌సీనే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకి ఆ రుసుమును 2025 ఆగస్టులో పదివేలు చేశారు. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గడం సరేసరి. ఇదీ అసలైన లెక్క. వీఏ నంబరా, ఆదివారం షికారా అన్నది కుటుంబం ముందే తేల్చుకోవాలి. కుర్రాళ్లు ముచ్చటపడి కొత్త ఇంజిను, వెడల్పు టైర్లు, మెరిసే రంగులు వేయించారంటే మాత్రం రెండూ చెడతాయి. వింటేజ్ గుర్తింపు రాదు, కొనేవాడూ రాడు.

కోటిపల్లి రోడ్డు

ఇక తోలడం మాట. డెల్టా రోడ్లు సరదాబళ్లకి చుట్టాలు కావు. ఒకపక్క కాలువ, ఇంకోపక్క చేను. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఎవరో ఒకరు గట్టుకి దిగాలి. కోతల రోజుల్లో సగం రోడ్డు ధాన్యం కళ్లమే. ఊరూరా స్పీడు బ్రేకర్లు. విదేశాల నుంచి వచ్చిన నేలబారు స్పోర్ట్స్ కారైతే మొదటి బ్రేకరు దగ్గరే పొట్ట తగులుతుంది. హెరాల్డ్ ఆ విషయంలో నయం. దాని ముందు చక్రాలు ఎంతగా తిరుగుతాయంటే, పాతిక అడుగుల చోటు చాలు, బండి వెనక్కి మళ్లుతుంది. ఇరుకు సందుల్లో దాన్ని తోలినవాళ్లు ఆ సుఖం మరిచిపోలేరు. ఇంజిను చూడాలంటే ముందుభాగం మొత్తం మొసలి నోరులా పైకి లేస్తుంది. పిల్లలకి కారు ఎలా నడుస్తుందో చూపించడానికి అంతకన్నా మంచి పాఠం ఉండదు.

అందుకని ఆదివారం పొద్దున్న, ఎండ ముదరకముందు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. టైర్లలో గాలి, రేడియేటరులో నీళ్లు, బ్రేకు ఆయిలు చూసుకుని. సెల్ఫ్ కొట్టి అయిదు నిమిషాలు నిలబెట్టి ఆపేస్తే లాభం లేదు. పైగా నష్టం. సైలెన్సరులో, ఇంజినాయిల్లో చేరిన నీరు అలాగే ఉండిపోతుంది. ఇంజిను పూర్తిగా వేడెక్కేదాకా అరగంటైనా తిరగాలి. ద్రాక్షారామం నుంచి కోటిపల్లి పది పన్నెండు కిలోమీటర్లు. వెళ్లి రావడానికి సరిగ్గా సరిపోతుంది. వర్షం పడితే వెళ్లకూడదు. కుర్రాడు ఒక్కడే వెళ్లకూడదు. బాబాయ్ పక్కన కూర్చోవాలి. రేవు దగ్గర ఆగి, గౌతమి మీద పడవలు చూసి, టీ తాగి, ఎండ ఎక్కేలోగా వెనక్కి.

తిరిగొచ్చాక మీటరు అంకె, తేదీ, పోయించిన పెట్రోలు, చేయించిన రిపేరు ఓ నోటుబుక్కులో రాసిపెట్టాలి. రేపు పెదనాన్న మాటే నెగ్గి బండిని అమ్మాల్సివస్తే, కొనేవాడు ముందు అడిగేది ఆ పుస్తకాన్నే.