పగడపు తోటల మీదుగా పడవ

విశాఖ రేవు కాలువలోంచి అండమాన్ ఓడ మెల్లగా బయటికి వస్తుంటే, కుడిపక్కన డాల్ఫిన్ నోస్ కొండ పచ్చటి పొదలు కప్పుకున్న రాతి కొమ్ముతో సముద్రంలోకి చొచ్చుకొచ్చి సాగనంపుతుంది. క్రేన్ల బారులు, ఇనుప ఖనిజపు ఎర్రటి గుట్టలు, కొండ మీది దీపస్తంభం ఒక్కొక్కటిగా వెనక్కి జారుకుంటాయి. ఒడ్డున మట్టిరంగు కలిసిన నీరు ముందు ఆకుపచ్చగా, తర్వాత నీలంగా, నడిసంద్రంలో కాటుక నలుపుగా మారుతుంది. దాదాపు 1,200 కిలోమీటర్ల బంగాళాఖాతం దాటాక, ఇప్పుడు శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్ వస్తుంది. అక్కడి జంగ్లీఘాట్ రేవులో వలలు సర్దుకుంటూ మన ఉత్తరాంధ్ర యాసలోనే కబుర్లాడే జాలర్లు కనిపిస్తారు.

అసలు వింత పోర్ట్ బ్లెయిర్‌కు దగ్గర్లోని వండూర్‌లో పడవ ఎక్కాక మొదలవుతుంది. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ వనం ఇది. పదిహేను దీవులు, వాటి నడుమ మెలికలు తిరిగే నీటి దారులు. ఇరువైపులా మడచెట్లు వంకర వేళ్ల మీద నిలబడి, తమ పచ్చదనాన్ని నీళ్లలోకి వొంపుతుంటాయి. మలుపు తిరగగానే ఆకాశం విప్పారుతుంది. లేత మరకతం, నెమలికంఠం, నీలమణి రంగులు పొరలు పొరలుగా పరుచుకున్న సముద్రం మధ్య, మనిషి కాపురం లేని జాలీబాయ్ దీవి తెల్లని ఇసుక అంచుతో తళుక్కుమంటుంది.

దీవికి రేవు కట్ట లేదు. అద్దపు అడుగున్న చిన్న పడవలోకి మారాలి. ఆ అద్దం కింద కదిలేది మరో లోకం. కొమ్మలు చాచిన పగడాలు, గుండ్రటి బండల్లాంటి పగడాలు, లేత ఊదా, తేనె పసుపు, గంధపు గోధుమ రంగుల్లో తేలి వస్తాయి. ఒక రాక్షస ఆల్చిప్ప తన అలల అంచు పెంకు తెరిచి, నీలిచుక్కల మఖమల్ పెదవులను ఎండకు పరుచుకుంటుంది. కుట్టే ముళ్లచేతుల సముద్రపుష్పంలోకి నారింజ, తెలుపు పట్టీల క్లౌన్ చేప నిర్భయంగా దూరి, బయటికొచ్చి, మళ్లీ దూరుతుంది. దాని ఒంటి మీది జిగురే దానికి కవచం.

ఇంత పెద్ద తోటను కట్టింది ఎవరు? పెసరగింజంత మెత్తటి పగడపు జీవులు! వాటి ఒంట్లో ఆశ్రయం పొందిన సూక్ష్మమైన నాచు ఎండను అన్నంగా మార్చి పెడుతుంది, రంగూ అద్దుతుంది. ఆ బలంతో అవి తరాల తరబడి సున్నపు గూళ్లు పేర్చుకుంటూ పోతాయి. నీలాకుపచ్చ చిలుక చేప ఆ సున్నాన్ని ముక్కు లాంటి పళ్లతో కొరికి, నమిలి, తెల్లని ఇసుకగా వదులుతుంది. మన పాదాలకు పట్టుపరుపులా తగిలే ఈ తీరంలో అలాంటి చేపల కడుపులోంచి వచ్చిన ఇసుక ఎంతో!

2004 సునామీ ఈ తోటలను కుదిపింది. 2010 వేసవిలో సముద్రం వేడెక్కితే నాచు వీడిపోయి పగడాలు పాలిపోయాయి. కొన్ని మళ్లీ రంగు తెచ్చుకున్నాయి, కొన్ని తెచ్చుకోలేదు. ఇంత సున్నితమైన చోటు గనుకే ఇక్కడికి ప్లాస్టిక్ రానివ్వరు. ఏడాదిలో కొంతకాలం జాలీబాయ్‌ని మూసి, పక్కనున్న రెడ్‌స్కిన్ దీవిని తెరుస్తారు. సృష్టి ఇంత ఓపికగా, ఇంత సుకుమారంగా కట్టిన చోట మనం కొమ్మ విరవకుండా, పగడం మీద కాలు మోపకుండా కళ్లారా చూసి రావడమే దానికి చేయగల నమస్కారం.