మధ్యతరగతి డబ్బా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కినవాళ్లకి కొటేషన్ కాగితం గురించి చెప్పనక్కర్లేదు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ వరసగా రాసి కింద మొత్తం వేస్తారు. బడ్జెట్ దాటిందా, కౌంటర్ వెనకున్న కుర్రాడు పెన్ను మళ్లీ పైకి తీసుకెళ్తాడు. ర్యామ్ సగమవుతుంది. ఎస్ఎంపీఎస్ పేరు తెలియని కంపెనీకి మారుతుంది. గ్లాసు తలుపున్న క్యాబినెట్ మాత్రం చెక్కుచెదరదు. కొనేవాడి కన్నంతా దాని మీదే ఉంటుంది మరి!

మధ్యరకం డెస్క్‌టాప్‌ను రూపొందించడమంటే ఈ కొట్టివేతలే. చవక యంత్రంలో ఏం తీసేయాలో ధరే చెప్పేస్తుంది. ఖరీదైనదాంట్లో దేన్నీ తీయాల్సిన పనిలేదు. నడిమి దాని విషయంలోనే ఎవరో ఒకరు కూర్చుని, దేన్ని వదులుకోవాలో తేల్చాలి. ఈ లెక్క ఆపిల్‌కే ఇరవై ఏళ్లకు పైగా కుదరలేదు.

1997లో స్టీవ్ జాబ్స్ తిరిగొచ్చేసరికి ఆ కంపెనీ దగ్గర లెక్కకు మించిన మోడళ్లున్నాయి. ఆయన బోర్డు మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీశాడు. ఒకపక్క మామూలు జనం, రెండోపక్క వృత్తి నిపుణులు. వాళ్లకో డెస్క్‌టాప్, ఓ ల్యాప్‌టాప్. వీళ్లకో డెస్క్‌టాప్, ఓ ల్యాప్‌టాప్. జనం గడిలోకి 1998లో మానిటర్ కలిసే ఉన్న 1,299 డాలర్ల ఐమ్యాక్ వచ్చింది. నిపుణుల గడిలో పవర్ మ్యాక్ టవర్ ఉంది. మానిటర్ ఇంట్లోనే ఉంది కాబట్టి ఐమ్యాక్ అక్కర్లేదు, అంత పెద్ద టవరూ వద్దు అనుకునేవాడు సరిగ్గా గీత మీద నిలబడిపోయాడు.

అతని కోసమేనా అన్నట్టు, 2000 జులై 19న న్యూయార్క్ మ్యాక్‌వరల్డ్ వేదిక మీద జాబ్స్ పవర్ మ్యాక్ జీ4 క్యూబ్‌ను చూపించాడు. ఆపిల్ డిజైనర్ జోనాథన్ ఐవ్ బృందం పనితనం అది. పొడవు, వెడల్పు 7.7 అంగుళాలు. పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులో తేలుతున్నట్టుండే చిన్న పెట్టె. ఫ్యాన్ లేదు. అడుగునుంచి చల్లగాలి లోపలికొస్తుంది, వేడెక్కిన గాలి పైనున్న జల్లెడలోంచి తనంతట తానే లేచిపోతుంది. పెంకుటింటి వంటగదిలో పొగగూడు చేసే పనే ఇది. డిస్క్ టోస్టర్‌లోంచి రొట్టెముక్కలా పైకి లేస్తుంది. పెట్టెను తిరగేసి అడుగునున్న పిడి పట్టుకుని లాగితే లోపలి సరంజామా అంతా బావిలోంచి చేద వచ్చినట్టు వచ్చేస్తుంది.

అందానికి వంక పెట్టలేం. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం సేకరణలోనూ దానికి చోటు దక్కింది. వంకంతా కొటేషన్ కాగితంలోనే. మానిటర్ లేకుండా 1,799 డాలర్లు! పక్కనే ఉన్న జీ4 టవర్ 1,599 నుంచే దొరికేది. ప్రాసెసర్ వేగం కాస్త తక్కువైనా, అదనపు కార్డులు పెట్టుకోవడానికి టవర్‌లో పీసీఐ స్లాట్లుండేవి. క్యూబ్‌లో ఒక్కటీ లేదు. పైగా కొందరికి తొడుగు మీద పగుళ్లలాంటివి కనిపించాయి. అవి పోతపోసేటప్పుడు పడిన గీతలేనని కంపెనీ అంది. గీత మీద నిలబడ్డవాడు అడిగింది తక్కువ ధర, రెండు స్లాట్లు. చేతికందింది శిల్పం. 2001 జులై మొదటి వారంలో, ఏడాదైనా నిండకుండానే, క్యూబ్ తయారీ ఆపేస్తున్నట్టు ఆపిల్ ప్రకటించింది.

2005 జనవరిలో ఇంకో కొసకు వెళ్లారు. మ్యాక్ మినీ, 499 డాలర్లు. మానిటర్, కీబోర్డు, మౌస్ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. లోపల మాత్రం ల్యాప్‌టాప్‌లో వాడే చిన్న హార్డ్‌డిస్క్. మధ్యలోని ఖాళీకి అభిమానులే ‘ఎక్స్‌మ్యాక్’ అని పేరు పెట్టుకుని ఏళ్ల తరబడి కలలుగన్నారు: మూత తీసి ర్యామ్, డిస్క్, గ్రాఫిక్స్ కార్డు మార్చుకోగల మామూలు పెట్టె. అలాంటిది వస్తే అటు ఐమ్యాక్‌కీ ఇటు టవర్‌కీ గండి పడుతుందని ఊహించడం కష్టమేమీ కాదు.

తమాషా ఏమిటంటే ఆ కలల పెట్టె చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ రోజెళ్లినా దొరుకుతుంది, మ్యాక్ ఓఎస్ ఒక్కటే ఉండదు. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం అక్కడ సగం డిజైన్ ముందే చేసిపెట్టింది. బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. స్క్రూ రంధ్రాలెక్కడో, వెనక పోర్టుల కిటికీ ఎంతో ఖరారు. అందుకే ఒకరి బోర్డు ఇంకొకరి క్యాబినెట్‌లో ఇమిడిపోతుంది. మనవాళ్లు మొత్తం పెట్టెనే ‘సీపీయూ’ అంటారు గానీ, నిజానికి అది అద్దె ఇల్లు, లోపలివాళ్లు మారుతుంటారు.

ఆపిల్‌ది సొంతిల్లు. 2022 మార్చిలో మ్యాక్ స్టూడియో వచ్చింది, 1,999 డాలర్లు. కొలతలు చూస్తే పొడవు, వెడల్పు మళ్లీ అవే 7.7 అంగుళాలు! ఎత్తు మాత్రం 3.7కి దిగింది, లోపల రెండు ఫ్యాన్లు చేరాయి, ముందువైపు పోర్టులొచ్చాయి. ర్యామ్ కొన్నరోజు ఎంతో ఎప్పటికీ అంతే.

2024 చివర్లో వచ్చిన మ్యాక్ మినీ అయిదంగుళాల చదరంలోకి కుదించుకుపోయింది. 16 జీబీ ర్యామ్‌తో మన దేశంలో అప్పట్లో 59,900 రూపాయల నుంచి మొదలయ్యేది. పెట్టె చిన్నదయ్యేసరికి పవర్ బటన్ అడుగుకు చేరింది. ఆన్ చేయాలంటే యంత్రాన్ని కాస్త ఎత్తి, కిందికి వేలు పోనివ్వాలి. క్యూబ్‌లో అది నెత్తిమీదే ఉండేది, నొక్కక్కర్లేకుండా తాకితే పనిచేసేది. పొరపాటున చెయ్యి తగిలినా సరే.