సన్నాయి మేళం సంపాదన ఎందుకు నిలవదు?

పెళ్లికి సన్నాయి మేళం ఎంత అడిగిందో వినగానే, "అమ్మో, ఒక్క రాత్రికి అంతా!" అనేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ డబ్బంతా ఒక్క మనిషి జేబులోకి పోదు. ఇద్దరు సన్నాయి, ఇద్దరు డోలు, ఒకరు శ్రుతి అనుకున్నా ఐదుగురు. 20,000 రూపాయలకు బేరం కుదిరిందనుకుందాం. వ్యానుకు 4,000, పని ఇప్పించిన ఈవెంటు వాళ్లకు 3,000 పోతే మిగిలేది 13,000. పెద్ద సన్నాయికి కాస్త ఎక్కువ, శ్రుతి పట్టినవాడికి తక్కువ. సగటున తలకు 2,600. సాయంత్రం ఎదుర్కోలుకు మొదలుపెడితే తెల్లవారి అప్పగింతల దాకా కదలడానికి లేదు.

ఇది ఒక రాత్రి లెక్క. అసలు చిక్కంతా ఏడాది లెక్కలో ఉంది. దాన్ని తేల్చేది పంచాంగం.

పండగ గిరాకీ వస్తే బట్టల కొట్టాయన ఇంకో లోడు సరుకు దింపుకుంటాడు. సన్నాయి విద్వాంసుడికి ఉన్నది ఒక్క ఊపిరి. బలమైన ముహూర్తం రోజున పది ఇళ్ల నుంచి ఫోన్లు వచ్చినా వాయించేది ఒక్క పందిట్లోనే. మిగతా తొమ్మిదీ చేజారినట్టే. మర్నాడు ఆ ఇళ్లలో ఎవరికీ ఆయనతో పనుండదు.

ఇక ఖాళీ నెలలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. వాటికి తోడు మూఢాలు. గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్లి కంటికి కనపడని రోజులను మూఢం అంటాం. గురుమూఢం సుమారు పదమూడు నెలలకోసారి వచ్చి నెల రోజులు అటూ ఇటూగా ఉంటుంది. శుక్రమూఢం ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. 2024లో రెండూ వేసవిలోనే పడ్డాయి. నాలుగు రాళ్లు వెనకేసుకోవాల్సిన మే, జూన్ నెలలు ముహూర్తాలు లేకుండానే గడిచిపోయాయి. పెళ్లిళ్లే కాదు, గృహప్రవేశాలూ ఆగాయి. కరోనా నాటి కష్టం అందరూ చెబుతారు గానీ, గ్రహాలు పెట్టే ఈ లాక్‌డౌన్ సంగతి ఎవరికీ పట్టదు. చీటీ వాయిదాకు మూఢం లేదు కదా! ఈ పని తరతరాలుగా చేస్తున్న నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో చాలామంది సన్నాయితో పాటు సెలూనునీ నమ్ముకున్నది ఇందుకే.

పెళ్లివారు దేనికి డబ్బిస్తున్నారన్నది మరో సంగతి. పురోహితుడు చెయ్యెత్తగానే కీర్తన చరణం మధ్యలో ఉన్నా అక్కడికక్కడే తుంచేసి గట్టిమేళం అందుకోవాలి. తాళి కట్టే ఆ నిమిషాల కోసమే మేళం పెట్టి, రాత్రంతా డీజే నడిపే ఇళ్లు పెరిగాయి. ఇరవై ఏళ్లు సాధన చేసిన తోడి రాగం వినే చెవి పందిట్లో ఒకటో రెండో. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన సన్నాయి విద్వాంసుడు షేక్ చిన మౌలానా 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అయ్యారు. అంతటి విద్వాంసుడు కూడా స్థిరపడింది మాత్రం ఇక్కడ కాదు, తమిళనాడులోని శ్రీరంగంలో.

రేటు పెంచితే సమస్య తీరుతుందనుకోవడం సగం మాటే. ఎంత పెంచినా అది ముహూర్తం ఉన్న రోజుకే వర్తిస్తుంది. దేవస్థానంలో ఆస్థాన విద్వాంసుడికి మూఢంలోనూ జీతం వస్తుంది. ఆ ఉద్యోగాలు మాత్రం కొన్నే. అందుకే ఒక్కటి ఖాళీ పడిందని తెలిస్తే, పెళ్లిళ్లలో మంచి రేటు పలికే వాళ్లు కూడా దరఖాస్తు పట్టుకుని వరుసలో నిలబడతారు.